పకల్లీ హుస్సేన్ పీరా

రాయచోటి,
4 ఫిబ్రవరి 2025

అబ్బాకు,

సలాములు. అమ్మీ, దాదీ, నేను బాగున్నాం. దాదీ మోకాళ్ళు మాత్రం బాగా లేవట. ఆ సంగతి విడిగా రాయమంది, రాశాను.

గదిలో ఎనిమిదిమంది మధ్య మీరు ఫోన్ పట్టుకుని ఊఁ కొట్టడం తప్ప ఏమీ మాట్లాడరు. చదువు సంగతులన్నీ జాబులో రాయి, దాచుకుంటానని మీరే అన్నారు కాబట్టి ఇదిగో, నాలుగు పేజీలు. చిన్నపుల్లయ్య చిన్నాయన సెలవు అయిపోయి శుక్రవారం కువైట్ విమానం ఎక్కుతున్నాడు. చక్కిలాల డబ్బాతో పాటు ఇది కూడా ఆయన చేతికే ఇస్తున్నాను.

నేను పరిశోధన చేస్తున్న దొర పేరు ఎడ్మండ్ ట్రెసల్. పాదిరీ కొడుకు. పదహారేళ్ళకే ఇంగ్లండు రాజుగారి పటాలంలో చేరాడు. ఆ కాలంలో అక్కడ సైన్యంలో హోదాలు అమ్మేవారు. మేనమామ డబ్బు కడితే ఈయన అన్నిటికంటే కింది అధికారి హోదా కొనుక్కున్నాడు. మీరు వీసా కొనుక్కుని వెళ్ళినట్టే, సూపర్‌వైజర్ సాహెబూ. అమెరికా యుద్ధంలో మోకాలికి దెబ్బ తగిలింది. 1781లో మద్రాసులో ఓడ దిగేనాటికి లెఫ్టినెంటు. పదేళ్ళకు కెప్టెన్ అయ్యి, టిప్పు సుల్తాను మీద యుద్ధంలో మన గుర్రంకొండ ముట్టడికి వచ్చాడు. కోట కింద ఒక బండ మీద తొంభైమందితో మూడు రోజులు నిలబడ్డాడు. ఆ మూడు రోజులే ఆయన్ని మేజర్‌ను చేశాయి.

అసలు సంగతి ఇప్పుడు. ఆ పటాలం హాజరు పట్టీ నకలు మా గైడు మేడమ్ లండన్ నుంచి తెప్పించింది. 1791 సెప్టెంబరు పేజీలో అడుగున ఒక పేరు ఉంది: హుస్సేన్ పీరా, గుర్రంకొండ. మన ఇంట్లో తరానికొక హుస్సేన్ పీరా ఉన్నాడు కదా. దొర ప్రాణం కాపాడాడని దాదీ చెప్పే మొదటి హుస్సేన్ పీరా ఈయనే అనుకుంటాను. పేరుకు ముందు ఒక మాట ఉంది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటే 'పకల్లీ' అని వస్తోంది. అది హోదాయో, ఊరి పేరో మేడమ్‌కూ తెలియలేదు. మీకేమైనా తెలుసా?

ఆ పేరు చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది అబ్బా. గ్రంథాలయంలో పక్కనున్నవాళ్ళు నా ఫెలోషిప్పు ఆగిపోయిందనుకున్నారు.

మీ
షగుఫ్తా


ఖైతాన్,
21 ఫిబ్రవరి 2025

నా బంగారు తల్లి షగుఫ్తాకు,

నీ జాబు అందింది. చక్కిలాలు గదిలోవాళ్ళకు అందాయి, నాకు డబ్బా మిగిలింది.

నీ జాబు మూడుసార్లు చదివాను. నాలుగోసారి గట్టిగా చదివి అందరికీ వినిపించాను. తర్వాతి శుక్రవారం కువైట్ సిటీకి బస్సెక్కి వెళ్ళి మన తెలుగు సంఘం సంచిక చూసే వెంకటసత్యనారాయణగారికి చూపించాను. ఆయనది కోనసీమ, బ్యాంకులో ఉద్యోగం. చదివి కళ్ళజోడు తీసి, "అబ్బే, ఇదేదో పెద్ద హోదాలా ఉందండీ గౌస్‌గారూ. మీరు ఇన్నాళ్ళూ చెప్పలేదేవిటండీ?" అన్నాడు. హోదానే అయి ఉంటుందన్నాను. పకల్లీ అంటే సుబేదారు కంటే ఒక మెట్టు పైన అని నా నమ్మకం.

అప్పటినుంచి ఖైతాన్‌లో నా పేరు పకల్లీ సర్దార్. నిన్న టీ అంగడి దగ్గర ఒకడు లేచి నాకు కుర్చీ వేశాడు. పన్నెండేళ్ళలో ఇక్కడ నాకు ఎవరైనా కుర్చీ వెయ్యడం అదే మొదలు.

సంఘం సంచికకు నువ్వు ట్రెసల్ దొర మీద, మన హుస్సేన్ పీరా మీద ఒక వ్యాసం రాయాలట. జూన్ పదిహేనులోగా అందాలి. సెప్టెంబరు సభలో విడుదల చేసి, వేదిక మీద నాకు శాలువా కప్పుతారట. నా కూతురు రాసిన అచ్చు పేజీ పట్టుకుని నేను నిలబడతాను. అంతకంటే నాకేం కావాలి?

ఇక్కడ చలి ఇంకా పోలేదు. అహ్మదిలో పని ఎప్పటిలాగే ఉంది. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా మళ్ళీ కట్టించాడు నన్ను పనిలో పెట్టుకున్న కఫీల్, ఆ దిగులు లేదు. మీ దాదీ మోకాళ్ళకు తైలం పంపుతున్నాను.

గర్వంతో,
మీ అబ్బా
మహమ్మద్ గౌస్


రాయచోటి,
16 మార్చి 2025

అబ్బాకు,

రోజా ఉపవాసంలో ఉండి రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే క్షమించండి.

మీ సర్దార్ సంగతి కొంచెం పక్కన పెట్టాలి. మొన్న ఇఫ్తార్ అయ్యాక దాదీకి ఆ హాజరు పట్టీ చదివి వినిపించాను. 'పకల్లీ' అనగానే నవ్వింది. "పకల్లీ ఏందే, నోరు తిరగదా నీకి? పఖాలీ అను. పఖాల్ అంటే పెద్ద తోలుతిత్తి. ఎద్దు మీదేసుకోని దండుకు నీళ్ళు మోసేవోడు పఖాలీ" అంది.

మనం ఉర్దూ మాటను ఇంగ్లీషులో చదివి సర్దార్‌ను చేసేశాం. నిఘంటువు తెరిచి చూశాను, దాదీ చెప్పిందే నిజం. మన హుస్సేన్ పీరా సైనికుడు కాదు, సైన్యానికి నీళ్ళు మోసిన మనిషి.

నాకైతే సంతోషం రెట్టింపైంది. ఎందుకో చెబుతాను. ఆ పటాలం వైద్యుడు రాసుకున్న పుస్తకం కూడా దొరికింది. బండ మీద తొంభైమంది, నీళ్ళు కింద వాగులో, దారి మీద కోటలోంచి తుపాకులు. మొదటి రోజు రెండోసారి దిగినప్పుడు ఎద్దు చచ్చిపోయింది. అప్పటినుంచి హుస్సేన్ పీరా చిన్న తిత్తి వీపున వేసుకుని మోశాడు. మూడో రోజు తొడలో గుండు దిగింది, అయినా తిత్తి కింద పెట్టకుండా పైకి వచ్చాడని వైద్యుడు రాశాడు. ట్రెసల్ దొర మాత్రం మద్రాసుకు రాసిన జాబులో 'నా కృషి వల్ల నీటికి లోటు రాలేదు' అని రాసుకున్నాడు. ఆ వాక్యానికే మేజర్ హోదా ఇచ్చారు.

వ్యాసంలో ఇదంతా రాస్తాను. పఖాలీ అంటే ఏమిటో మొదటి పేరాలోనే చెబుతాను.

ఇంకొకటి. చిన్నపుల్లయ్య చిన్నాయన సెలవులో ఇంటికొచ్చినప్పుడు ఒక మాటన్నాడు. రాద్దామనుకుంటూనే మర్చిపోయాను. "గౌసన్న నీళ్ళు తేకుంటే మా క్యాంపులో పొయ్యి ఎలగదు పాపా" అన్నాడు. మీ చేతికింద నీళ్ళ ట్యాంకర్లు కూడా ఉన్నాయని నాకు తెలియదు. ఎన్ని ఉన్నాయి?

దువాలతో,
షగుఫ్తా


ఖైతాన్,
12 ఏప్రిల్ 2025

షగుఫ్తాకు,

ఈద్ బాగా జరిగిందని ఫోన్‌లో అమ్మీ చెప్పింది. ఇక్కడ నమాజు చేసుకుని నిద్రపోయాను.

నీ జాబు చదివాను. నువ్వు చదువుకున్నదానివి, నేను తప్పు పట్టను. కానీ ఒక్క మాట. పకల్లీ అని దొరలు రాశారు, నువ్వు కూడా అట్లాగే రాసి వదిలెయ్యి. అర్థం ఎవరడిగారు? పేరుకు ముందు ఒక గౌరవమైన మాట ఉంది, చదివేవాళ్ళు వాళ్ళకు తోచింది అనుకుంటారు. అందులో అబద్ధమేముంది?

నీళ్ళు మోసేవాడని రాస్తే ఇక్కడ నలుగురూ నవ్వుతారు. ఎందుకు నవ్వుతారని అడగొద్దు, నవ్వుతారు. వెంకటసత్యనారాయణగారు సభ కాగితం మీద 'సర్దార్ వంశీకులు' అని నా పేరు కింద వేయించాడు. కుర్చీ వేసినవాడే రేపు కుర్చీ లాగేస్తాడు. నువ్వు చరిత్రకు న్యాయం చెయ్యాలి, సరే. తండ్రికి కూడా కాస్త చెయ్యి.

ట్యాంకర్ల సంగతి అడిగావు. ఉన్నాయి. పనిలో అన్నీ ఉంటాయి.

దుమ్ము తుఫాను వచ్చి మూడు రోజులుగా కళ్ళు మండుతున్నాయి. ఎక్కువ రాయలేను.

అబ్బా


రాయచోటి,
3 మే 2025

అబ్బాకు,

మీ జాబు చదివి వారం రోజులు మీకు రాయకూడదనుకున్నాను. ఇప్పుడు కూడా కోపంతోనే రాస్తున్నాను.

నీళ్ళు మోయడంలో నవ్వుకోవడానికి ఏముంది? బోరు చెడిపోయిన ఎండాకాలంలో అమ్మీ రెండు వీధుల అవతల నుంచి బిందెలు మోస్తే నేను డిగ్రీ చదివాను. మీకు గుర్తుండకపోవచ్చు, అప్పుడు మీరు సూపర్‌వైజర్. మీ కింద ట్యాంకర్లు నడిపేవాళ్ళను కూడా ఇట్లాగే చిన్నచూపు చూస్తారా? వాళ్ళకు కూతుళ్ళు ఉండరా?

ఇంతకంటే పెద్ద చిక్కు వచ్చింది. ట్రెసల్ దొర జాబు ఇంకొకటి దొరికింది, 1791 సెప్టెంబరు పంతొమ్మిదిది. వైద్యుడు హుస్సేన్ పీరాకు గాయం పింఛను ఇమ్మని సిఫారసు చేశాడు. దొర కొట్టివేశాడు. ఆయన రాసిన కారణం చెబుతాను. 'తిత్తి సగం నింపుకుని త్వరగా రమ్మని నేను ఆజ్ఞాపించాను. ఈ మనిషి ప్రతిసారీ మూతిదాకా నింపేదాకా కదలలేదు. మొండివాడు, ఆజ్ఞ మీరినవాడు. పింఛనుకు తగడు.' గుండు దెబ్బ తిన్న మనిషికి చేతిలో ఏమీ పెట్టకుండా పంపేశారు అబ్బా. దొర మాత్రం లెఫ్టినెంట్ కల్నల్ దాకా ఎదిగి, ఇంగ్లండులో తోట ఉన్న ఇల్లు కట్టుకుని, గౌరవంగా కన్నుమూశాడు.

ఎందుకు నింపాడో నాకు అర్థం కావడం లేదు. సగం నింపుకుంటే బరువు తక్కువ, పరుగు ఎక్కువ. తుపాకుల ముందు నిలబడి తిత్తి నిండేదాకా ఆగడమేమిటి? మేడమ్ కూడా అదే అంది. "మీ పూర్వీకుడని మినహాయింపు ఉండదు. దొర సాక్ష్యం ఇది. ఎదురు సాక్ష్యం ఉంటే చూపించు, లేకపోతే ఆజ్ఞ మీరాడనే రాయి" అంది. నా దగ్గర లేదు.

వ్యాసం జూన్ పదిహేనుకు పంపాలి. మీకు కావాలంటే హుస్సేన్ పీరా పేరే తీసేస్తాను. సర్దార్ అని మాత్రం రాయను. ఆయన మన మనిషి అని అచ్చులో చదువుకోవాలని నాకు ఎంత ఆశగా ఉండిందో మీకు తెలియదు. ఇప్పుడు అచ్చు వేస్తే మొండివాడనే పడుతుంది.

షగుఫ్తా


ఖైతాన్,
30 మే 2025

షగుఫ్తా బేటా,

ఈ జాబు ఓపికగా చదువు. మధ్యలో కోపం వస్తే లేచి నీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చదువు.

పేరు తీసెయ్యొద్దు. ఆయన మొండివాడు కాదు. ఆయన నింపింది సరైన పనే. ఇది ఊహ కాదు, నాకు తెలుసు. ఎట్లా తెలుసో చెప్పకుండా నీకు ఇది చెప్పలేను. పదిహేను రోజులు అటూ ఇటూ తిరిగాను, వేరే దారి కనపడలేదు.

నేను సూపర్‌వైజర్‌ను కాదు. నా చేతికింద ట్యాంకర్లు లేవు. ఒక ట్యాంకర్ ఉంది, దాన్ని నేనే నడుపుతాను. పన్నెండేళ్ళుగా అహ్మది దాటి ఎడారిలో ఉన్న పని క్యాంపులకు నీళ్ళు తోలుతున్నాను. ఏజెంటు సూపర్‌వైజర్ ఉద్యోగమన్నాడు. ఇంట్లో అదే చెప్పి విమానమెక్కాను. దిగాక ట్యాంకర్ తాళాలు చేతిలో పెట్టి యల్లా, పద అన్నారు. నువ్వప్పుడు ఎనిమిదో తరగతి. 'మా అబ్బా సూపర్‌వైజర్' అని బడి కాగితంలో రాశావని అమ్మీ ఫోన్‌లో మురిసిపోయింది. ఇక దిద్దలేకపోయాను. ఒక ఏడాది దిద్దకపోతే తర్వాత దిద్దడానికి నోరు రాదు. చిన్నపుల్లయ్య నిజమే చెప్పాడు, నువ్వు వేరే రకంగా విన్నావు.

ఇక్కడ అందరికీ నా పని తెలుసు. ట్యాంకర్ గౌస్ అనేవాళ్ళు. నీ జాబు వచ్చాక సర్దార్ అన్నారు. పఖాలీ అని తేలితే, వీళ్ళ వంశమంతా నీళ్ళ బండేనా అని నవ్వుతారని భయపడ్డాను. నీ మొదటి జాబు చదివిన రోజే నాకు ఆ మాట తెలుసు బేటా. మా తాత ఇంటి వసారాలో ఎండిపోయిన తోలుతిత్తి ఒకటి వేలాడుతుండేది, దాన్ని పఖాల్ అనేవాళ్ళు. నువ్వు ఇంగ్లీషు నుంచి కూడబలుక్కున్నది చూసి అది వేరే మాట అయినట్టు నటించాను.

ఇప్పుడు నీళ్ళ సంగతి విను, ఇది రాసుకో.

నేను వచ్చిన మొదటి ఎండాకాలం. ఒక క్యాంపులో నీళ్ళు అయిపోయాయని ఫోన్ వచ్చింది. నింపే చోట సగం నిండగానే ఫోర్‌మన్ "ఖలాస్, సగం చాలు, తొందరగా పో" అన్నాడు. పోయాను. రోడ్డు మలుపులో స్టీరింగు తిప్పాను. బండి తిరిగింది, లోపలి నీళ్ళు తిరగలేదు. అవి ఇంకా ముందుకే పోతున్నాయి. మొత్తం బరువు ఒక పక్కకొచ్చి కొట్టింది. కుడివైపు చక్రాలు నేల వదిలాయి. ఎట్లా ఆగిందో నాకు ఇప్పటికీ తెలియదు. దిగి ఇసుకలో కూర్చుని, నీ పేరు, అమ్మీ పేరు ఎన్నిసార్లు అనుకున్నానో.

ఆ రోజు నేర్చుకున్నాను. నిండిన ట్యాంకర్ బరువు, కానీ బుద్ధిగా ఉంటుంది. నీళ్ళకు కదలడానికి చోటు ఉండదు. సగం నింపావా, బ్రేకు వేస్తే బండి ఆగుతుంది కానీ నీళ్ళు ఆగవు. పూర్తిగా నింపి పో, లేదా ఖాళీగా పో. అప్పటినుంచి ఎవడు యల్లా అన్నా సగంతో నేను కదల్లేదు. నా మీద కూడా రెండుసార్లు ఫిర్యాదు రాశారు. ఏమని రాశారో తెలుసా? మొండివాడు, మాట వినడు అని.

వీపున తిత్తి కూడా అంతే. నిండుగా ఉంటే బిగిసి వెన్నుకు అంటుకుని కూర్చుంటుంది. సగం తిత్తి ప్రతి అడుక్కీ అటొకసారి, ఇటొకసారి ఊగుతుంది. చదును నేల మీద పర్వాలేదు. ఆ గుర్రంకొండ బండలు నేను ఎక్కినవే. అక్కడ ఏటవాలులో, వంగి ఎక్కుతుంటే, సగం తిత్తి ఒక్క ఊపు ఊగిందంటే మనిషి కింద వాగులో ఉంటాడు. నీళ్ళు పోతాయి, మనిషి పోతాడు, పైన తొంభైమంది పోతారు. తుపాకి గుండు తగలొచ్చు, తగలకపోవచ్చు. సగం తిత్తి మాత్రం తప్పకుండా పడేస్తుంది. ఆయన రెండు భయాలనూ తూచి చిన్నదాన్ని ఎంచుకున్నాడు. ట్రెసల్ దొరకు యుద్ధం తెలిసి ఉండొచ్చు, నీళ్ళు తెలియవు.

నమ్మకం లేకపోతే ప్లాస్టిక్ క్యాను సగం నింపి వీపుకు కట్టుకుని మన మిద్దె మెట్లు ఎక్కి చూడు. జాగ్రత్తగా ఎక్కు.

ఇదే నీ ఎదురు సాక్ష్యం. మీ మేడమ్ ఒప్పుకుంటుందో లేదో నాకు తెలియదు. సాక్షి ఎవరని అడిగితే నా పేరు చెప్పు. పని కూడా చెప్పు. ఉన్నది ఉన్నట్టు రాయి, సూపర్‌వైజర్ అని రాయొద్దు. వెంకటసత్యనారాయణగారికి నిన్ననే చెప్పేశాను, సర్దార్ అనే మాట తీసేయమన్నాను. ఆయన సభ కాగితం తీసి ఆ మాట కొట్టేశాడు. తర్వాత, "మరి శాలువా కప్పొచ్చాండీ?" అన్నాడు. కప్పమన్నాను.

ఈ జాబు అమ్మీకీ, దాదీకీ నువ్వే చదివి వినిపించు. నాకు ఫోన్‌లో చేతకాదు.

దొరకు రెండువందల ఏళ్ళు ఎవరూ జవాబు చెప్పలేదు. నువ్వు చెప్పు.

మీ అబ్బా


రాయచోటి,
14 జూన్ 2025

అబ్బాకు,

వ్యాసం ఈ పొద్దే మెయిల్‌లో పంపాను.

మీ జాబు దాదీకీ, అమ్మీకీ చదివి వినిపించాను. దాదీ కళ్ళు తుడుచుకుని, "నా కొడుకు మా ఇంటి పనే చేచ్చాండాడు" అని ఆ సాయంత్రమే వీధిలో అందరికీ చెప్పి వచ్చింది, మోకాళ్ళ నొప్పి కూడా చూసుకోలేదు. అమ్మీ ఒక్కటే అడగమంది. "ఆ బండిలో ఏసీ పనిచేచ్చాదా?" జవాబు రాయండి. అబద్ధం రాయొద్దట.

నా మే నెల జాబులో మీ కింద ట్యాంకర్లు నడిపేవాళ్ళ గురించి ఒక మాట రాశాను. దాన్ని తలచుకుంటే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. నన్ను క్షమించండి. మిమ్మల్ని సూపర్‌వైజర్ అని బడి కాగితంలో రాసినదానికంటే, ఇప్పుడు రాసినదానికి నాకు పదిరెట్లు గర్వంగా ఉంది.

క్యాను కట్టుకుని మెట్లు ఎక్కాను. మొదట నిండుగా, తర్వాత సగం. సగంతో ఏడో మెట్టు మీద పక్కకు తూలి గోడ పట్టుకున్నాను, మోచేయి గీసుకుపోయింది. మేడమ్‌కు మోచేయి చూపించి మీ జాబు చదివి వినిపించాను. ఆవిడ లేచి తలుపు వేసి వచ్చి మళ్ళీ చదవమంది. ఆ తర్వాత, "ఇది సాక్ష్యమే. కింద సూచిక వెయ్యి. దొరకు ఎట్లా వేశావో అట్లాగే వెయ్యి" అంది.

వేశాను. వ్యాసంలో నాలుగో పేజీ అడుగున ఉంది. అచ్చులో ఎట్లా వస్తుందో మీకు ముందే రాస్తున్నాను:

13. ఎడ్మండ్ ట్రెసల్, కెప్టెన్, ఇంగ్లండు రాజు సైన్యం. జాబు, గుర్రంకొండ, 19 సెప్టెంబరు 1791.

14. పై మాట సరికాదు. మహమ్మద్ గౌస్, నీళ్ళ ట్యాంకర్ డ్రైవర్, అహ్మది. జాబు, కువైట్, 30 మే 2025.

మీ
షగుఫ్తా